తెలుపు విశేషణం, పులి విశేష్యం

విశేషణ పూర్వపద కర్మధారయానికి ఉదాహరణ చెప్పమంటే పల్లెటూరి బడిలో ఏడో తరగతి పిల్లవాడైనా తడుముకోకుండా చెబుతాడు: తెల్లనైన గుఱ్ఱము, తెల్లగుఱ్ఱము. అందులో గుఱ్ఱము విశేష్యం, తెలుపు విశేషణం. రంగు తీసివేసినా గుఱ్ఱం గుఱ్ఱమే. గుఱ్ఱాన్ని తీసివేసి రంగు ఒక్కటే మిగిల్చితే అది పాలు కావచ్చు, సున్నం కావచ్చు, గుఱ్ఱం మాత్రం కాదు. ముప్ఫై ఏండ్లకు పైబడి పిల్లలకు ఈ భేదం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ని. ఈ భేదాన్ని చెరిపివేసిన ఒక కంప్యూటర్ ఆటమీదా, ఆ ఆటకు దారి చూపిన లోకవ్యవహారంమీదా నాకున్న అభ్యంతరాన్ని చదువరుల ముందు పెడుతున్నాను. వ్యాకరణం తెలిసినవాడికి జంతువులతో ఏమి పని అని కొందరు అడగవచ్చు. పని ఉంది. మాట తప్పితే చూపు తప్పుతుంది. చూపు తప్పితే చేత తప్పుతుంది. ఇక్కడ ఆ తప్పుడు చేతకు మూల్యం చెల్లిస్తున్నది నోరులేని పులి.

ఆట పేరు జూ టైకూన్. బ్లూ ఫ్యాంగ్ అనే అమెరికా సంస్థ తయారుచేయగా మైక్రోసాఫ్ట్ 2001లో విడుదల చేసింది. ఆడేవాడు ఒక జంతు ప్రదర్శనశాలకు యజమాని. ఖాళీ నేల చేతికి వస్తుంది. కంచె కట్టాలి, నేల తీర్చాలి, చెట్లు నాటాలి, జంతువును తెచ్చి నిలపాలి, చూడవచ్చేవారి దగ్గర రుసుము వసూలు చేసి ఆ డబ్బుతో మళ్లీ జంతువులను పోషించాలి. అందులో దొరికే జంతువుల పట్టికలో బెంగాలు పులి ఒకటి, సైబీరియా పులి ఒకటి. అంతటితో ఆగితే నాకు పేచీ లేదు. వాటి పక్కనే 'తెల్ల బెంగాలు పులి' అని మరొక జంతువు ఉంది. వేరే పేరు, వేరే బొమ్మ. అంటే ఒక విశేషణాన్ని లాగి విశేష్యపు పీటమీద కూర్చోబెట్టారన్నమాట.

నా వాదం ఒక్క వాక్యంలో చెబుతాను. తెల్లపులి జాతి కాదు, ఉపజాతి కాదు, పెద్దపులికి అరుదుగా పట్టే ఒక రంగు మాత్రమే. ఆ రంగును జాతిగా చూపించే ఆట గానీ, జంతు ప్రదర్శనశాల గానీ, పాఠం గానీ పిల్లలకు అబద్ధం చెబుతున్నది.

ముందుగా ఆటకు దక్కవలసిన మర్యాద దక్కించాలి. అందులోని సంరక్షణ పాఠాన్ని నేను తక్కువ చేయను. అడవిలో తిరిగే పులిని తెచ్చి ఎడారి ఇసుకలో నిలబెడితే అది సుఖపడదు. నెత్తిమీద ఎఱ్ఱని బొమ్మముఖం ఒకటి కోపంగా కనబడుతుంది. పశుపాలకుడు వచ్చి చెట్లు చాలలేదనో, రాళ్లు ఎక్కువయ్యాయనో, ఈ నేల దీనికి సరిపడదనో చెబుతాడు. నేల మార్చి, నీడ కల్పించి, మరుగు ఏర్పరిస్తే ముఖం పచ్చబడి నవ్వుతుంది. పాలకులను తగినంతమందిని పెట్టకపోతే ఆహారం అందదు, పెంట పేరుకుంటుంది. ప్రాణికి కూడు ఒక్కటే చాలదు, తన స్వభావానికి తగిన చోటు కూడా కావాలి అన్న ధర్మాన్ని ఇంత సులువుగా పిల్లల చేతికి అందించిన పుస్తకాలు మన బడుల్లో ఎన్ని ఉన్నాయి? ఆ మేరకు ఆ ఆట మంచి ఉపాధ్యాయుడే. మంచి ఉపాధ్యాయుడు చెప్పిన తప్పు చెడ్డ ఉపాధ్యాయుడు చెప్పిన తప్పుకంటె ప్రమాదకరం. పిల్లలు దాన్ని నమ్ముతారు.

నమ్ముతారనడానికి దూరం పోనక్కరలేదు. వేసవి సెలవులకు వచ్చిన మా మనుమడు, వాళ్ల నాన్న చిన్ననాడు ఆడి వదిలిన ఆ ఆటను మా ఇంట్లోని పాత కంప్యూటర్‌లో వెదికి పట్టుకొన్నాడు. రెండు తెల్లపులులను కొన్నాడు, వాటికి పిల్లలు పుట్టాయి. ఆ పిల్లలు పెరిగి, వాటికి పిల్లలు పుట్టాయి. అన్నీ తెల్లనివే, అన్నీ ఆరోగ్యవంతమైనవే. "వీటికి జోడీలు ఎక్కడినుంచి తెచ్చావు నాన్నా?" అని అడిగాను. "తేవడమెందుకు తాతయ్యా? ఇవి ఇవే కదా" అన్నాడు. అన్నాచెల్లెళ్లు కదరా అన్నాను. "ఆటలో ఏమీ కాదు తాతయ్యా. ఇవి వేరే జాతి, చాలా అరుదు, అందుకే పెంచుతున్నాను" అన్నాడు. పిల్లవాడి మనసు మంచిది. అరుదైనదాన్ని కాపాడుతున్నానని అనుకొంటున్నాడు. ఆ మంచి మనసును తప్పుదారి పట్టించినదే నా ప్రతివాది.

ఎందుకంటే వాడు తెరమీద చేసినదంతా ఒకప్పుడు నేలమీద జరిగింది. తేడా ఒక్కటే. తెరమీద నొప్పి లేదు.

1951 మే 27న వింధ్యప్రాంతంలోని సిద్ధీ అడవుల్లో రేవా మహారాజు మార్తాండ సింగ్ వేటలో ఒక తెల్లని పులిపిల్ల పట్టుబడింది. దాని తల్లినీ తోడి పిల్లలనూ కాల్చి చంపారు. వాటి రంగు మామూలు రంగు. తెల్లదాన్ని మాత్రం బోనులో పట్టి, మోహన్ అని పేరు పెట్టి, గోవింద్‌గఢ్ కోటలో ఉంచారు. పెద్దదైన తర్వాత బేగం అనే మామూలు రంగు ఆడపులితో జతకట్టించారు. మూడు ఈతల్లో పది పిల్లలు పుట్టాయి. ఒక్కటీ తెల్లగా లేదు. అక్కడ ఆగి ఉంటే ఈ కథ ఒక రాజుగారి ముచ్చటగా ముగిసేది. ఆగలేదు. మోహన్‌కూ బేగంకూ పుట్టిన రాధ అనే ఆడపులిని పెరిగిన తర్వాత తండ్రితోనే జతకట్టించారు. 1958లో నాలుగు తెల్లని పిల్లలు పుట్టాయి: రాజా, రాణి, మోహిని, సుకేశి. లోకం జేజేలు పలికింది. లోకంలోని జంతు ప్రదర్శనశాలల్లో తెల్లపులుల వంశావళిని పైకి వెదుక్కుంటూ పోతే చాలావరకు ఈ తండ్రీకూతుళ్ల దగ్గరికే చేరుతాము.

మన తెలుగువాళ్లకు ఈ విషయం విడమరచి చెప్పనక్కరలేదు. మేనరికం మనకు తెలుసు. ఆస్తి బయటికి పోకూడదనో, పిల్ల కళ్లముందు ఉంటుందనో తరతరాలుగా మేనమామకో మేనబావకో ఇచ్చి చేసిన ఇండ్లు మన మధ్యనే ఉన్నాయి. పుట్టిన బిడ్డకు చెవి వినబడకనో, నడక రాకనో వైద్యుడి దగ్గరికి పోతే ఆయన మొట్టమొదట అడిగే ప్రశ్న ఏమిటి? "మీది దగ్గర సంబంధమా?" అని. కారణం స్పష్టం. ప్రతి ప్రాణిలోనూ కొన్ని లోపాలు పైకి కనబడకుండా దాగి ఉంటాయి. తల్లి దగ్గరా తండ్రి దగ్గరా అదే లోపం ఉండి, రెండూ బిడ్డలో కలిసినప్పుడే అది బయటపడుతుంది. రక్తసంబంధం దగ్గరయ్యేకొద్దీ ఆ కలయికకు అవకాశం పెరుగుతుంది. తెలుపు రంగు కూడా సరిగ్గా అట్లా దాగి ఉండి బయటపడేదే. ఆ రంగును మోసే రెండు పులులను జతకట్టిస్తే సగటున నాలుగు పిల్లల్లో ఒకటి తెల్లగా పుడుతుంది. కనుక తెలుపును బయటికి లాగాలని దగ్గరివాళ్లను కలిపినకొద్దీ, తెలుపుతోపాటు దాగి ఉన్న తక్కిన లోపాలూ బయటికి వస్తాయి. వంకర తిరిగిన వెన్ను, వంకర పాదాలు, చీలిన అంగిలి, పుట్టీ పుట్టకముందే పోయే పిల్లలు. ప్రదర్శనలో మనం చూసేది మిగిలిన ఒక్క అందమైన పులిని. తక్కినవాటి బోనుల ముందు జనాన్ని నిలబెట్టరు.

కంటి సంగతి ఇంకా వేరు. అది దగ్గర సంబంధాలవల్ల వచ్చినది కాదు, ఆ రంగుతోనే ముడిపడి వచ్చినది. 1973లో శాస్త్రవేత్తలు ఒక తెల్లపులి మెదడును పరిశీలించి, కంటినుంచి మెదడుకు పోయే నరాలు పోవలసిన దారిలో పోలేదని కనుగొన్నారు. సయామీ పిల్లుల్లోనూ ఇదే లోపం ఉంది. తెల్లపులుల్లో కొన్నింటికి మెల్లకన్ను కనబడేది ఇందుకే. నీలికళ్ల సోయగమని మనం మురిసిపోయే చోట ఒక దారితప్పిన నరం ఉంది.

మోహిని కథ చెబితే మేనరికం ఎంతదాకా పోయిందో తెలుస్తుంది. 1960లో ఒక అమెరికా ధనికుడు దాన్ని 10,000 డాలర్లకు కొని ఆ దేశపు బాలబాలికలకు కానుకగా ఇచ్చాడు. శ్వేతసౌధానికి శ్వేతశార్దూలం విచ్చేసిందని సంబరపడి, అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ ఎదుట పెట్టి, తరువాత వాషింగ్టన్‌లోని జాతీయ జంతు ప్రదర్శనశాలకు చేర్చారు. దానికి జోడీగా తెచ్చిన మగపులి పేరు సామ్సన్. మోహన్ బేగంల కొడుకు. అంటే తల్లి రాధకు సొంత తమ్ముడో అన్నో అయి మోహినికి మేనమామ. తండ్రి మోహన్ కొడుకు అయి మోహినికి అన్న. ఒకే పులి మేనమామ, ఒకే పులి అన్న, ఒకే పులి మొగుడు! మన ఊళ్లో ఏ ఇంట్లోనైనా ఇటువంటి వరుస చెబితే ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకోరా? పులికి వరుసలు తెలియవు. తెలిసిన మనం కలిపాము.

ఇంకొక తమాషా. అమెరికాలో పెరిగిన తెల్లపులుల్లో చాలావాటిలో సైబీరియా పులి రక్తం కూడా కలిసింది. అటువంటి దేశంలో తయారైన ఆట వాటికి 'తెల్ల బెంగాలు పులి' అని శుద్ధ వంశనామం ఇచ్చింది. తెలుపు జాతి కాకపోవడం ఒక తప్పు. బెంగాలు అన్నది చాలావాటికి నిజం కాకపోవడం రెండో తప్పు. మూడు పదాల పేరులో నిలిచేది చివరి పదం ఒక్కటే: పులి.

ఆ దేశంలోనే వివేకం తరువాత మేలుకొంది. 2011లో అమెరికా జంతు ప్రదర్శనశాలల, అక్వేరియంల సంఘం తన సభ్య సంస్థలు తెల్లపులులను గానీ, తెల్లసింహాలను గానీ, రాజచీతాలను గానీ రంగుకోసం ఉద్దేశపూర్వకంగా పుట్టించరాదని నిర్ణయించింది. ఈ మూడూ జాతులు కావు. మూడూ విశేషణాలే. ఆ పెద్దలకు కర్మధారయం తెలియకపోవచ్చు గాని అర్థం మాత్రం సరిగ్గా పట్టుకొన్నారు.

ఇప్పుడు ఆట తరఫున ఒక మాట వినబడుతుంది. "అది పాత ఆట, ఇప్పటి ఆటలు బాగుపడ్డాయి" అని. నిజమే, కొంతవరకు. ఇంగ్లండులోని ఫ్రాంటియర్ సంస్థ 2019 నవంబరులో తెచ్చిన ప్లానెట్ జూ అనే ఆటలో బెంగాలు పులి ఉంది. తెల్లపులికి జాతిగా వేరే పీట లేదు. ప్రతి జంతువుకూ పరిమాణం, ఆయుర్దాయం, సంతానశక్తి, రోగనిరోధకశక్తి అని వంశపారంపర్య గుణాలు కొలిచి చూపుతుంది. దగ్గర బంధువులను జతకట్టించబోతే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను పెడచెవిని పెడితే పిల్లల గుణాలు దిగజారుతాయి. పిల్లలు అక్కరలేదనుకొంటే గర్భనిరోధం కల్పించవచ్చు. పులికి నేల, నీరు, దాగడానికి మరుగు, చలికీ వేడికీ తగిన ఏర్పాటు, పొద్దుపుచ్చే ఆటవస్తువులు అన్నీ విడివిడిగా లెక్క చూపుతుంది. జూ టైకూన్ చేసిన వ్యాకరణదోషాన్ని ఈ ఆట దిద్దిందని ఒప్పుకొంటాను. దిద్దుబాటు చేసినవారిని మెచ్చుకోకపోతే విమర్శకు విలువ ఉండదు.

అయితే రెండు లోపాలు మిగిలాయి. మొదటిది: అక్కడ కూడా ఎప్పుడైనా ఒక జంతువు తెల్లగా పుడితే అది అరుదైన బహుమానం. దానికోసం ఈత తర్వాత ఈత వేయించే ఆటగాళ్లు ఉన్నారు. హెచ్చరిక ఒక చేత్తో, బహుమానం ఇంకొక చేత్తో ఇస్తే పిల్లవాడు ఏ చేతివైపు చూస్తాడు? రెండవది ఇంకా పెద్దది. ఆ ఆటలో పెంచిన జంతువును ఒక మీట నొక్కి అడవికి వదిలివేయవచ్చు. వదిలినందుకు పుణ్యం లెక్కకట్టి సంరక్షణ మార్కులు ఇస్తారు. బోనులో పుట్టిన పులి అడవికి పోయి బతుకుతుందని పిల్లవాడు నమ్ముతాడు.

బోను పులి అడవిపులి కావడం ఎంత చిక్కో మన దేశం చూసింది. 1976లో బిల్లీ అర్జన్ సింగ్ ఇంగ్లండులోని ట్వైక్రాస్ జంతు ప్రదర్శనశాలనుంచి తార అనే ఆడపులిపిల్లను తెచ్చి, ఉత్తరప్రదేశ్‌లోని దుధ్వా అడవి అంచున తన చేతులతో పెంచి, అడవికి అలవాటు చేశాడు. ఆయన పులిప్రేమను శంకించేవారు లేరు. అయినా తార రక్తంలో సైబీరియా పులి అంశ ఉందనీ, అది దుధ్వా పులుల వంశంలో కలిసిందనీ లేచిన వివాదం దశాబ్దాలపాటు ఆయనను వదలలేదు. ఒక్క పులిని, జీవితం ధారపోసిన ఒక్క మనిషి వదిలితేనే ఇన్ని ప్రశ్నలు. వేటాడటం తల్లి నేర్పాలి. మనిషికి దూరంగా ఉండటం తల్లి నేర్పాలి. తల్లి లేక, వంశం తేటగా లేక, మెల్లకన్నుతో బోనులో పుట్టిన తెల్లపులిని ఏ అడవికి వదులుతాము?

ఇక నాకు ఎదురయ్యే వాదాలు మూడు. మూడింటికీ జవాబు చెబుతాను.

మొదటిది: "ఆట ఆటే కదా మాస్టారూ, ఇంత పట్టింపెందుకు?" అని. వైకుంఠపాళి ఆటే. పాము మింగితే పాపమనీ, నిచ్చెన ఎక్కితే పుణ్యమనీ మన పెద్దలు దానితోనే పిల్లలకు నీతి నేర్పారు. అష్టాచెమ్మా ఆటే, దానితో లెక్క నేర్పారు. ఆట ఏమీ నేర్పదనేవారు బాల్యాన్ని మరచిపోయినవారు. పైగా ఈ ఆటలు తామే విజ్ఞానం నేర్పుతామని చెప్పుకొంటాయి. ప్రతి జంతువు పక్కన దాని పుట్టుపూర్వోత్తరాలు రాసి పెడతాయి. పాఠం చెప్పే హోదా కావాలి, తప్పు చెబితే 'ఆటే కదా' అనాలి అంటే కుదరదు.

రెండవది: "తెల్లపులిని చూడటానికి జనం వస్తారు, జనం వస్తే డబ్బు వస్తుంది, డబ్బు వస్తే తక్కిన జంతువులు బతుకుతాయి" అని. ఇది యజమానుల వాదం. ఆట కూడా దీనిమీదనే నడుస్తుంది. చిన్నయసూరి నీతిచంద్రికలో ముసలి పులి ఒకటి బంగారు కంకణం చూపి బాటసారిని పిలుస్తుంది. ఇప్పుడు కథ తిరగబడింది. పులి చర్మమే కంకణమైంది, చూపేవాడు మనిషి, బురదలో కూరుకొనేది పులి. జనం వస్తారు, ఒప్పుకొంటాను. వచ్చిన జనం ఏమి నేర్చుకొని పోతారు? పెద్దపులి సామాన్యం, తెల్లపులి గొప్ప అని. 2022 గణనలో మన దేశంలో పులుల సంఖ్య సగటు అంచనాగా 3,682 అని తేలింది. ఆ లెక్కలో తెల్లపులికి వేరే గడి లేదు. నల్లమలలో నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్యంలోనూ, కృష్ణకు ఈవల అమ్రాబాద్‌లోనూ తిరిగే పులి చారల పసుపురంగు పులి. దానికి కావలసింది జింకలూ, కణుజులూ, నీటి మడుగులూ, తెగిపోని అడవి దారులూ. నల్లమలకు తెల్లపులి అక్కర లేదు. ఇంకొక లెక్క కూడా చూడాలి. జంతు ప్రదర్శనశాలలో బోనులు పరిమితం. వంశావళి తేటగా రాసి ఉన్న పులికి దక్కవలసిన చోటును రంగుకోసం పుట్టించిన పులి ఆక్రమిస్తే, అది సంరక్షణ కాదు, దుకాణపు అద్దాల బీరువా.

మూడవ వాదం బరువైనది. "తెల్లపులిని మనిషి సృష్టించలేదు, ప్రకృతే ఇచ్చింది" అని. ఇందులో నిజం ఉంది. మొగలుల కాలంనుంచీ తెల్లపులులు కనబడిన దాఖలాలు ఉన్నాయి. వేటలో కూలినవాటిలో పెరిగి పెద్దవైన పులులూ ఉన్నాయి. అంటే ఆ రంగుతో అడవిలో బతకగలిగాయన్నమాట. అడవిలో చివరి తెల్లపులిని 1958లో కాల్చి చంపారని చెబుతారు. 2013లో చైనా శాస్త్రవేత్తల బృందం ఈ రంగుకు కారణమైన జన్యువును కనిపెట్టింది. ఒకే ఒక జన్యువులో ఒకే ఒక చిన్న మార్పు. ఎఱుపు పసుపు వన్నెలు పోతాయి, నల్లచారలు నిలుస్తాయి. ఇది పులుల సహజ వైవిధ్యంలో భాగమేననీ, కాపాడదగినదనీ ఆ బృందమే అభిప్రాయపడింది. వారి పరిశోధనకు నమస్కారం. అయితే ప్రకృతి ఇచ్చినదాన్ని ప్రకృతిలోనే కాపాడాలి. అడవులు నిలిచి, పులులు పెరిగి, ఒక అడవినుంచి మరొక అడవికి రాకపోకలు సాగితే, దాగి ఉన్న ఆ జన్యువు ఎప్పుడో ఒకనాడు తానే తెల్లని పిల్లను ఇస్తుంది. దాన్ని చూసి నేనూ చేతులెత్తి మొక్కుతాను. గోవింద్‌గఢ్ కోటలో తండ్రినీ కూతురునూ ఒక బోనులో పెట్టి తీసిన తెలుపు అది కాదు. వానకు మొలిచిన మొక్కా, అంటు కట్టి కట్టి కుండీలో నిలిపిన మరుగుజ్జు మొక్కా ఒకటి కావు.

మన సంగతికి వద్దాము. హైదరాబాదు నెహ్రూ జంతు ప్రదర్శనశాలలోనూ, విశాఖ ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాలలోనూ తెల్లపులులను మన పిల్లలు చూస్తూ పెరిగారు. బడి పిల్లలను విహారయాత్రలకు తీసుకుపోయిన ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు, పిల్లల గుంపు పెద్దపులి దగ్గర నిమిషం నిలిచి తెల్లపులి దగ్గర అరగంట నిలుస్తుంది. నేను పిల్లలతో చూసిన ఒక జంతు ప్రదర్శనశాలలో బోను ముందు పలకమీద 'తెల్లపులి, అరుదైన జాతి' అని రాసి ఉండేది. ఆ పలక రాసినవారికీ ఆ ఆట తయారుచేసినవారికీ పరిచయం లేదు. ఇద్దరూ చేసిన తప్పు ఒకటే. 2016లో మధ్యప్రదేశ్‌లో సత్నా జిల్లా ముకుంద్‌పూర్ దగ్గర తెల్లపులుల సఫారీ తెరిచి మార్తాండ సింగ్ పేరు పెట్టారు. తెల్లపులి పుట్టిన నేలకే తెల్లపులి తిరిగి వచ్చిందన్నారు. వచ్చింది కంచెలోకి, అడవిలోకి కాదు.

ఇప్పుడు తెలుపు పాతబడింది. నలుపు వంతు వచ్చింది. ఒడిశాలోని సిమ్లిపాల్ అడవిలో చారలు వెడల్పై, ఒకదానిలో ఒకటి కలిసిపోయి, నల్లగా కనబడే పులులు ఉన్నాయి. అది ఒక జన్యువులోని మార్పు అనీ, ఆ అడవి పులులు తక్కిన అడవుల పులులనుంచి విడిపోయి, కొద్ది సంఖ్యలో తమలో తామే పెరగడంవల్ల ఆ మార్పు అంతగా వ్యాపించిందనీ 2021లో బెంగళూరు శాస్త్రవేత్తలు నిరూపించారు. అది విని ఏమి చేయాలి? ఆ అడవికి పక్క అడవులతో దారి కలపాలి. 2024లో ఒడిశా ప్రభుత్వం ప్రకటించినది మాత్రం బారిపడా దగ్గర నల్లపులుల సఫారీ. రోగలక్షణాన్ని ఆభరణంగా చూపించే విద్య మనకు ఇంతగా అబ్బింది. రేపు ఏ ఆటలోనో నల్లపులి అని వేరే బొమ్మ వస్తే ఆశ్చర్యపోను.

మన భాష ఇటువంటి పొరపాటు చేయలేదన్నది నాకు గర్వకారణం. పెద్దపులి అన్నాము, పరిమాణాన్ని బట్టి. చిరుతపులి అన్నాము, అదీ అంతే. సంస్కృతంలో వ్యాఘ్రమన్నారు, వాసన పసిగట్టే గుణాన్ని బట్టి అని వ్యుత్పత్తి చెబుతారు. అనంతామాత్యుడు భోజరాజీయంలో ఆవూ పులీ కథ చెప్పి, ఆడిన మాట తప్పని ఆవును చూసి పులి మనసు కరగడం చూపించాడు. ఆ పులి ఏ రంగుదని అయిదారు వందల ఏండ్లుగా ఏ తెలుగు పాఠకుడూ అడగలేదు. పులి పులి కావడమే చాలింది.

చివరగా నా మనవులు మూడు. ఆటలు తయారుచేసేవారికి: పులి పట్టికలో పులిని పులిగా ఉంచండి. తెల్లపిల్ల పుట్టడానికి వీలుంచితే, అందుకు చెల్లించిన మూల్యాన్ని, చచ్చిపుట్టిన పిల్లలనూ వంకర వెన్నులనూ కూడా, ఆడేవాడి కళ్లముందు పెట్టండి. అడవికి వదిలే మీట తీసివేయండి, లేదా ఆ పని ఎంత కష్టమో అంత కష్టంగా చేయండి. తల్లిదండ్రులకు: పిల్లవాడు తెల్లపులిని కొన్నప్పుడు ఆట ఆపమని కసరవద్దు. దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో తక్కిన పాఠం వాడే తవ్వుకొంటాడు.

మూడవ మనవి మన జంతు ప్రదర్శనశాలల పెద్దలకు. ఇప్పుడు బోనుల్లో ఉన్న తెల్లపులుల దోషం ఏమీ లేదు. మనమే పుట్టించాము కనుక మంచి తిండి, నీడ, వైద్యం, వార్ధక్యంలో ఆదరణ వాటికి బాకీ ఉన్నాము. ఆ బాకీ పూర్తిగా తీర్చండి. కొత్తవాటిని మాత్రం రంగుకోసం పుట్టించకండి. బోను ముందు పలకమీద స్వచ్ఛమైన తెలుగులో ఇట్లా రాయండి: "ఇది పెద్దపులి. రంగు మాత్రం వేరు. ఈ రంగుకోసం మనుషులు దగ్గర బంధువులను జతకట్టించారు. దీన్ని ప్రేమగా చూడండి. ఇటువంటిది ఇంకొకటి కావాలని మాత్రం కోరకండి."

అయిదు చిన్న వాక్యాలు. ఏడో తరగతి పిల్లవాడు ఆగకుండా చదవగలడు. చదివిన తర్వాత విశేషణమేదో విశేష్యమేదో వాడికి ఎవరూ చెప్పనక్కరలేదు.